గొళ్లేనికి కట్టిన నోటుపుస్తకం: కొత్త ఇంట్లో తొలి పది రోజులు

కొత్త ఇంట్లో దిగాక పది రోజుల దాకా నేను గోడకు మేకు కొట్టనివ్వను. అటక మీదికి పెట్టెలు ఎక్కించను. కర్టెన్లకు కొలతలు తీయను. ఆ పది రోజులూ వంటింటి తలుపు గొళ్లేనికి ఒక నోటుపుస్తకం, పెన్సిలు దారంతో కట్టి ఉంటాయి. నల్లా నీళ్లు ఎన్ని గంటలకు వచ్చాయి, ఎంతసేపు వచ్చాయి, చెత్తబండి ఎప్పుడు వచ్చింది, మధ్యాహ్నం ఎండ ఏ కిటికీలోంచి ఎందాకా పడింది, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ ఎవరు గమనిస్తే వాళ్లు తేదీ, వేళ వేసి అందులో రాయాలి. అది మా ఇంటి నియమం.

1998లో పెళ్లయి హైదరాబాద్ వచ్చిన దగ్గర నుంచి మాది అద్దె ఇళ్ల కాపురం. చిక్కడపల్లి, నల్లకుంట, మల్కాజిగిరి, తార్నాక, ఒక్కో పేటలో రెండేసి ఇళ్లలో ఉన్నాం. మొదటి మూడిళ్లలో దిగిన రెండో రోజుకల్లా ఇల్లంతా అద్దంలా సర్దేశాను. నెల తిరిగేసరికి సగం సామాను మళ్లీ కదపాల్సి వచ్చింది. బీరువా ఆనించిన గోడకు చెమ్మ వచ్చింది. బియ్యం డబ్బా పెట్టిన మూల మధ్యాహ్నమయ్యేసరికి పొయ్యిలా కాలేది. బట్టలుతికే వేళకు నల్లాలో చుక్క ఉండేది కాదు. ప్రతి ఇంటికీ తనవైన వేళలు ఉంటాయి. అవి తెలియక ముందు సర్దిన సర్దుడు నిలవదు. కిందటి ఏప్రిల్‌లో తార్నాక నుంచి హఫీజ్‌పేటకు మారాం. ఇది తొమ్మిదో ఇల్లు. ఇక్కడ ఏం చేశామో, మీరు ఇల్లు మారితే ఏం చేయమంటానో చెబుతాను.

మన చేతిలో ఉండాల్సిన సంచి

సామాను లారీ ఎక్కే రోజున ఒక గుడ్డ సంచి, ఒక బుట్ట మాత్రం మన వెంటే రావాలి. సంచిలో దేవుడి పటం, దీపపు కుంది, వత్తులు, నూనె సీసా, అగ్గిపెట్టె, పసుపు, కుంకుమ, పాలగిన్నె, కిలో బియ్యం, పావుకిలో కందిపప్పు, ఉప్పు, చింతపండు. బుట్టలో స్క్రూడ్రైవరు, టెస్టరు, నల్లా మరలకు చుట్టే తెల్ల టేపు, రెండు బల్బులు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, కత్తెర, టార్చిలైటు. అద్దె ఇళ్లలో పాతవాళ్లు వెళ్తూ బల్బులు విప్పుకుని పోవడం మామూలే. సాయంత్రం ఆరు దాటాక లారీ వస్తే ఆ రెండు బల్బులే దిక్కు.

మంచం బోల్టుల సంగతి తప్పకుండా చూసుకోండి. ఏ మంచానివి ఆ మంచం పట్టీకే కవరులో వేసి టేపుతో అంటించాలి. ఒకసారి సామాను మార్చినవాళ్లు మూడు మంచాల బోల్టులూ ఒకే డబ్బాలో పోసి, ఆ డబ్బా ఎక్కడో పోగొట్టారు. నాలుగు రాత్రులు నేల మీద పడుకున్నాం. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య ప్రతి తెల్లవారుజామునా గోడ పట్టుకుని లేవడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అట్టపెట్టెలకు పైన పేరు రాయడం వల్ల లాభం లేదు, ఒకదాని మీద ఒకటి పేర్చాక ఆ పేర్లు కనిపించవు. పక్కన రెండు వైపులా అంకె వేయండి. ఏ అంకె పెట్టెలో ఏముందో నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసి పెట్టుకోండి. ఈ పది రోజుల్లో గదికి ఒక్క పెట్టె మాత్రం విప్పితే చాలు.

ఆవకాయ జాడీని మాత్రం లారీ ఎక్కించకండి. ఏప్రిల్ నాటికి మా జాడీలో పావు వంతు ఆవకాయ మిగిలి ఉంది. ముందు రోజు రాత్రి జాడీ మూతిని పొడిగుడ్డతో తుడిచి, పైన నువ్వులనూనె అరగిద్దెడు పోసి, రెండు మడతల తెల్లగుడ్డతో వాసెన కట్టాను. జాడీని బకెట్లో దించి, చుట్టూ పాత దుప్పటి కూరి, ప్రయాణమంతా నా రెండు కాళ్ల మధ్య పెట్టుకున్నాను. కుదుపులకు జాడీ పగలడమే కాదు, ముక్కలు నూనె పైకి తేలతాయి. తేలిన ముక్కకు బూజు పడుతుంది, అక్కడి నుంచి జాడీ అంతా పాడవుతుంది. దిగాక ఒక రోజు కదపకుండా ఉంచి, మర్నాడు పొడి గరిటెతో ముక్కలను లోపలికి అదిమి, నూనె పైకి వచ్చేలా చేయాలి. కొత్త ఇంట్లో వంట కుదురుకునే దాకా నాలుగు పూటలు కాపాడేది ఆ జాడీయే.

అద్దె ఇల్లైనా పాలు పొంగించాకే మిగతా పని. అందుకే సామానులో ముందు దింపాల్సింది పొయ్యి, సిలిండరు. రెగ్యులేటరు బిగించాక సబ్బు నురగ రాసి చూడండి, బుడగలు వస్తే గ్యాసు కారుతున్నట్టే. అగ్గిపుల్లతో పరీక్షించడం ప్రాణాల మీదికి తెస్తుంది. రబ్బరు గొట్టం మీద తేదీ అచ్చు వేసి ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చేయండి. గ్యాసు కారుతోందని అనుమానం వస్తే 1906కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. ఊళ్లోనే ఇల్లు మారితే సిలిండరు, రెగ్యులేటరు తిరిగి ఇవ్వనక్కర్లేదు, కనెక్షన్‌ను కొత్త పేటలోని ఏజెన్సీకి బదిలీ చేయిస్తే సరిపోతుంది. వేరే ఊరు వెళ్లేవాళ్లే వాటిని అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, అక్కడ కొత్తగా తీసుకోవాలి.

నీళ్లు

ఈ నగరంలో ఇల్లు కుదరడమంటే సగం నీళ్లు కుదరడమే. 1908లో మూసీ వరద వచ్చాక కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఊరి దాహం తీర్చాయి. ఆ తర్వాత మంజీరా, 2004లో కృష్ణా, దాని తర్వాత గోదావరి వచ్చాయి. ఏ నది నుంచి వచ్చినా, ఊరికి నీళ్లు సరఫరా చేసే జలమండలి నీళ్లను హైదరాబాద్‌లో చాలామంది మంజీరా నీళ్లనే అంటారు. ఆ నీళ్లు ఒక రకం, అపార్టుమెంటు బోరు నీళ్లు ఇంకో రకం. దిగిన రోజే వాచ్‌మన్‌ను పట్టుకుని నాలుగు ప్రశ్నలు అడగండి. మంజీరా నీళ్లు ఏ రోజుల్లో, ఏ వేళకు వస్తాయి? అవి సంపులోనే బోరు నీళ్లతో కలిసిపోతాయా, వంటింటికి వేరే గొట్టం ఉందా? మోటారు ఎప్పుడు వేస్తారు? సంపు, పైట్యాంకు ఎప్పుడు కడిగారు? నాలుగో ప్రశ్నకు జవాబు తడబడితే ఇంటి యజమానికి చెప్పి వెంటనే కడిగించుకోండి. మొహమాటపడాల్సిన విషయం కాదది.

మా వాచ్‌మన్ వంటింటి నల్లాలో ఎప్పుడూ మంజీరాయే వస్తుందన్నాడు. నోటుపుస్తకం వేరే మాట చెప్పింది. నాలుగో రోజు పొద్దున కాఫీ బాగుంది, మధ్యాహ్నం టీ ఉప్పగా ఉందని మా వారు రాశారు. ఆరో రోజూ అదే మాట. అప్పుడు కందిపప్పు పరీక్ష పెట్టాను. ఇది మా అమ్మ నేర్పింది, మీరూ చేసి చూడండి. రెండు గిన్నెల్లో అరకప్పు చొప్పున ఒకే డబ్బాలోని కందిపప్పు తీసుకున్నాను. ఒకదాంట్లో పొద్దున ఆరున్నరకు పట్టిన నీళ్లు, రెండోదాంట్లో మధ్యాహ్నం రెండింటికి పట్టిన నీళ్లు, రెండింట్లోనూ మూడేసి కప్పులు. కుక్కరులో పెడితే తేడా తెలియదు, మూత వేయకుండా రెండు పొయ్యిల మీద సన్నసెగన ఉడికించాలి. నలభై నిమిషాలకు మొదటి గిన్నెలో పప్పు వేలితో నొక్కితే వెన్నలా నలిగింది. రెండో గిన్నెలో బద్ద బద్దగానే ఉంది, పైకి మెత్తగా కనిపించినా లోపల పలుకు పంటికి తగిలింది. గిన్నె అంచున తెల్లటి చార కూడా కట్టింది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పప్పును గట్టిపరుస్తాయి. అంటే మధ్యాహ్నానికల్లా వంటింటి నల్లాలోకి బోరు నీళ్లు వస్తున్నాయన్నమాట. మర్నాడు వాచ్‌మన్‌తో కలిసి పైకి వెళ్లి చూస్తే, మంజీరా కోసం ఉన్న చిన్న ట్యాంకు ఖాళీ కాగానే తెరుచుకునేలా పక్క ట్యాంకు నుంచి ఒక గొట్టం కలిపి ఉంది. అప్పటి నుంచి పొద్దున తొమ్మిదిలోపు రెండు స్టీలు బిందెలు పట్టి మూత వేస్తున్నాను. పప్పుకు, టీకి, పులుసుకు ఆ నీళ్లే.

ఇంట్లో దిగగానే ఆర్‌ఓ యంత్రం కొనేయకండి. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే పెన్ను లాంటి చిన్న పరికరం దొరుకుతుంది, ముందు దానితో చూడండి. తాగే నీళ్లలో ఇవి లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉండాలని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. జలమండలి నీళ్లు అంతకన్నా తక్కువే చూపిస్తే వడపోసి, మరిగించుకుంటే చాలు, ఆర్‌ఓ పెట్టి బకెట్లకొద్దీ నీళ్లు పారబోయనవసరం లేదని నా అభిప్రాయం. బోరు నీళ్లే తాగక తప్పని ఇళ్లలో ఆర్‌ఓ పెట్టుకోండి. అది బయటకు వదిలే నీళ్లను మాత్రం బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికో, బాత్రూం కడగడానికో వాడండి.

బోరు నీళ్ల చార షవరు కన్నాలను మూసేస్తుంది, గీజరు లోపల పెచ్చులు కడుతుంది. షవరు తలను విప్పి వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెడితే పొద్దునకు చార వదులుతుంది. గీజరు పాతదైతే ఇంట్లో దిగినప్పుడే యజమాని ఖర్చుతో శుభ్రం చేయించుకోండి. తర్వాత అడిగితే మీరే పాడుచేశారంటారు.

జలమండలి కనెక్షన్‌కు ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని క్యాన్ నంబరు అంటారు. అది నోటుపుస్తకం మొదటి పేజీలో ఉండాలి. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. మీటరు ఉండి, ఆధార్ అనుసంధానం చేసిన ఇళ్లకే అది వర్తిస్తుంది. మీ అపార్టుమెంటులో ఆ పని అయిందో లేదో సంఘం వాళ్లను అడగండి. అది చేయించకుండా నెలనెలా నీళ్ల బిల్లు పంచుకుంటున్నారేమో చూసుకోవాలి. నీళ్లు రాకపోయినా, మురుగు కలిసినట్టు అనిపించినా 155313కు ఫోను చేయాలి.

పట్టి ఉంచిన నీళ్లకు మూత తప్పనిసరి. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి బిందెలు, కూలరు, పూలకుండీల కింది పళ్లేలు ఖాళీ చేసి, తోమి ఆరబెడితే చాలు.

మీటరు, స్విచ్చులు, ఎండ

అపార్టుమెంటు సెల్లారులో పది మీటర్లు వరసగా ఉంటాయి. ఏది మీదో వాచ్‌మన్ చెప్పినదానితో ఊరుకోకండి. ఇంట్లో మెయిన్ స్విచ్చి ఆపి ఒకరు పైన ఉండండి, ఇంకొకరు కిందికి వెళ్లి చూడండి. ఏ మీటరు మీద ఎర్రదీపం మిణుకు ఆగిపోయిందో అదే మీది. మల్కాజిగిరిలో ఉన్నప్పుడు ఐదు నెలలు పక్కింటివాళ్ల బిల్లు మేం కట్టాం, మా బిల్లు వాళ్లు కట్టారు. మీటరు మీది అంకెను దిగిన రోజే ఫొటో తీసి, ఇంటి యజమానికి పంపి, నోటుపుస్తకంలో రాయండి. పాత ఇంట్లోనూ ఖాళీ చేసే రోజు అదే పని చేయండి. కరెంటు బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు, అంటే మీ కనెక్షన్ సంఖ్య, కూడా మొదటి పేజీలోకి ఎక్కాలి. కరెంటు ఫిర్యాదులకు 1912. నెలకు 200 యూనిట్లు దాటితే దాటిన వాటికే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు పెరుగుతుంది. కాబట్టి తొలి నెల పదిహేనో రోజున మీటరు ఒకసారి చూసుకుంటే మిగతా పదిహేను రోజులు ఎలా వాడాలో తెలుస్తుంది.

స్విచ్చుబోర్డు పెట్టెలో ఇంగ్లిషు టీ అక్షరం రాసిన చిన్న మీట ఉన్న బ్రేకరు ఉంటే దాన్ని నొక్కి చూడండి. వెంటనే కరెంటు పోవాలి. పోకపోతే షాకు కొట్టినప్పుడు కూడా అది మిమ్మల్ని కాపాడదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. గీజరు, వాషింగ్ మెషీను, ఏసీ పెద్ద ప్లగ్గులోనే పెట్టాలి.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు మారినవాళ్లకు ఇది ఒక విధంగా మేలే, ఇంటి నిజస్వరూపం అప్పుడే తెలుస్తుంది. హఫీజ్‌పేట ఇల్లు పై అంతస్తు. రోజూ సాయంత్రం నాలుగుకు, ఏడుకు, రాత్రి పదికి నాలుగు గోడలకూ అరచెయ్యి ఆనించి చూశాను. పడమటి గది గోడ రాత్రి పదికి కూడా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఆ గదిని పడకగది చేద్దామనుకున్నవాళ్లం దాన్ని పగటి పూట చదువుకునే గదిగా మార్చాం, ఆ గోడకు ఖాళీ సూట్‌కేసుల అలమరా ఆనించాం. బియ్యం, పప్పులు తూర్పు వైపుకు వచ్చాయి. డాబాకు తెల్లసున్నం వేయించమని యజమానిని అడిగాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లటి పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చిందని చెబితే ఆయన ఆసక్తిగా విన్నారు. సున్నం ఆయన కొన్నారు, కూలి మేం ఇచ్చాం. వేసిన మూడో రోజు రాత్రి ఫ్యాను గాలి వేడిగా కొట్టడం తగ్గింది.

అత్తయ్య మంచం

ఇంట్లో పెద్దవాళ్లుంటే పైన చెప్పిన పది రోజుల నియమం వాళ్ల గదికి వర్తించదు. అది మొదటి రోజే పూర్తిగా కుదరాలి. మా అత్తయ్యకు డెబ్బై ఎనిమిదేళ్లు. తార్నాకలో ఆమె మంచం దిగితే బాత్రూం ఎడమ చేతి వైపు ఉండేది. హఫీజ్‌పేటలో మేం మంచం వేసిన తీరుకు అది కుడివైపు వచ్చింది. మొదటి రాత్రి రెండింటికి చప్పుడైతే లేచి చూశాను. అత్తయ్య ఎడమ వైపు గోడను అరచేతులతో తడుముతూ నిలబడి ఉంది. తలుపు కోసం, స్విచ్చు కోసం వెతుకుతోంది. అక్కడ ఉన్నది ఒట్టి గోడ. "ఇక్కడే ఉండేదమ్మా" అంది. ఆ రాత్రే మంచాన్ని తిప్పి వేశాం. తల వాల్చే దిక్కు దక్షిణమే ఉండేలా, బాత్రూం ఎడమ చేతికే వచ్చేలా కుదిరింది. మంచం నుంచి బాత్రూం గుమ్మం దాకా దారిలో చాప కూడా ఉంచలేదు. మర్నాడు సన్నదీపం ఒకటి ప్లగ్గులో పెట్టాం, బాత్రూంలో పట్టుకునే కడ్డీ యజమాని అనుమతితో బిగించాం. పది రోజుల్లో కొట్టిన మేకు ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆమె మందుల డబ్బా, నీళ్లచెంబు, జపమాల, కళ్లజోడు పాత ఇంట్లో ఎటు వైపు ఉండేవో ఇక్కడా అటే పెట్టాను. దగ్గరలోని మందుల షాపు, రాత్రి కూడా డాక్టరు ఉండే ఆసుపత్రి ఎక్కడో తొలి సాయంత్రమే నడిచి వెళ్లి చూసి రావాలి. ఫోనులో మ్యాపు చూసి ఊరుకుంటే సరిపోదు. ఆసుపత్రికి వెళ్లే అడ్డదారి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారని నడిస్తేనే మాకు తెలిసింది.

కాగితాలు

అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాయడం ఇక్కడి ఆనవాయితీ. ఏడాదికి మించి రాస్తే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఒప్పందంలో అడ్వాన్సు ఎంతో, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిదో, మెయింటెనెన్సులో నీళ్ల ట్యాంకర్ల డబ్బు కలుస్తుందో లేదో స్పష్టంగా ఉండాలి. గోడల గీతలు, పగిలిన టైల్సు, కారే నల్లాలు సామాను దింపక ముందే ఫొటోలు తీసి యజమానికి పంపండి. చిరునామా మార్పుకు ముందు ఆధార్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. ఓటరు జాబితాలో చిరునామా మారడానికి ఫారం 8 నింపాలి. దీన్ని ఎన్నికలొచ్చే దాకా వాయిదా వేయకండి.

వీధి

నగరపాలక సంస్థ చెత్తబండి వేళ నోటుపుస్తకంలో వారం రోజులు రాస్తే దాని తీరు తెలిసిపోతుంది. మాకు ఏడూ నలభై నుంచి ఎనిమిదింపావు మధ్య, ఆదివారం రాదు. తడిచెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడిచెత్త నీలం బుట్టలో వేయాలి. మారిన వారం అట్టపెట్టెలు, థర్మకోలు కుప్పలుగా పోగవుతాయి, వాటిని బండివాళ్ల నెత్తిన వేయకుండా పాత సామాన్లు కొనేవాళ్లకు ఇవ్వండి. గట్టి పెట్టెలు నాలుగు దాచుకోండి.

పని మనిషిని మొదటి వారంలో పెట్టుకోవద్దంటాను. ఇంట్లో నీళ్లు ఏ వేళకు ఉంటాయో మనకే తెలియకుండా ఆమెను ఏ వేళకు రమ్మంటాం? మా ఇంట్లో పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ధార సన్నం. ఆ వేళకు రమ్మని ఉంటే పాపం ఆమె రోజూ అరగంట ఊరికే నిలబడాలి, పక్కింటి పని ఆలస్యమై మాటలు పడాలి. పది రోజుల లెక్క చూశాక ఎనిమిదింటికి రమ్మని మాట్లాడుకున్నాం.

బాల్కనీలో పావురాల రెట్టలు ఎండిపోయి ఉంటే పొడిగా ఊడ్చకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చెరుపు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని, నీళ్లు చల్లి నానబెట్టాక తీయాలి. ఆ తర్వాత వల కట్టించాలి.

పేట తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి మార్గం సిటీ బస్సు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఒక మధ్యాహ్నం మియాపూర్ చౌరస్తాలో 218 ఎక్కి కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అమీర్‌పేట మీదుగా కోఠి దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగి వచ్చాను. కూరగాయలకు కూకట్‌పల్లి రైతుబజారు అందుబాటులో ఉందని, ఎర్రగడ్డకు పోనక్కర్లేదని ఆ ప్రయాణంలోనే తేలింది. మా వారు సికింద్రాబాద్ ఆఫీసుకు హఫీజ్‌పేట స్టేషన్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కుతారు. బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఆయన కూడా పది రోజులు రాశారు. దాన్ని బట్టి ఇంట్లో పొద్దుటి వంట వేళ పావుగంట ముందుకు జరిగింది.

కొత్త ఇంటికి కావాల్సిన డబ్బాలు, అరలు, బుట్టలు ఈ పది రోజుల్లో కొనకండి. ఏది ఎక్కడ ఉంటుందో తేలాక, కొలతలు కాగితం మీద రాసుకుని ఒక్కసారే బేగంబజారు వెళితే స్టీలు సామానంతా ఒకే వీధిలో దొరుకుతుంది.

పదకొండో రోజు

ఆ రోజు పొద్దున నోటుపుస్తకం విప్పి అందరం కూర్చుంటాం. ఎవరి బల్ల ఎక్కడ, ఏ పెట్టె అటక మీదికి, బట్టలు ఆరేసే తీగ ఏ వైపు అన్నది అప్పుడు నిర్ణయమవుతుంది. డ్రిల్లింగు మెషీను కూడా అప్పుడే బయటికి వస్తుంది. స్విచ్చుబోర్డుకు నేరుగా పైన, కింద రంధ్రం వేయకండి, గోడలోపల వైర్లు అటే పోతాయి. నల్లాల వరసలో కూడా వేయకండి. అటక మీద నెలకోసారి తీసేవి ముందు, సంక్రాంతికి తీసే బొమ్మలు వెనక. మూడిళ్లుగా విప్పని పెట్టెలు ఉంటే ఈసారి విప్పి, అవసరమైన వాళ్లకు ఇచ్చేయండి.

నోటుపుస్తకాన్ని మాత్రం గొళ్లేనికే ఉంచండి, తొలి వాన పడే దాకా దానికి పని ఉంటుంది. జూన్‌లో మొదటి గట్టి వాన కురిసిన రాత్రి నేను టార్చి పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఏ కిటికీ చట్రం నుంచి నీళ్లు దిగుతున్నాయి, బాల్కనీ తూము ఎంత వేగంగా లాగుతోంది, సెల్లారులోకి ఏ వైపు నుంచి నీళ్లు వస్తున్నాయి, అన్నీ రాశాను. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో చూసినవాళ్లం కాబట్టి మా స్కూటరు అప్పటి నుంచి ర్యాంపు పైన ఎత్తులోనే పెడుతున్నాం.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పాత ఇంటి పేజీని వచ్చేవాళ్లకు వదిలి రండి. తార్నాక ఇంటి వేళలన్నీ ఒక తెల్లకాగితం మీద శుభ్రంగా తిరగరాసి, వంటింటి అలమరా తలుపు లోపలి వైపు అంటించి వచ్చాను. నీళ్లు ఎప్పుడు వస్తాయో, గీజరు స్విచ్చు హాల్లో ఎక్కడుందో, కూరగాయల బండి ఏ రోజుల్లో వస్తుందో, వానాకాలంలో పెరటి తలుపు గడియ బిగుసుకుంటే కొంచెం పైకెత్తి లాగాలని రాసి, అడుగున నా ఫోను నంబరు వేశాను. జూలైలో ఆ ఇంట్లో దిగినావిడ ఫోను చేసింది. పెరటి గడియ పైకెత్తి లాగితే వచ్చిందట, అయితే నీళ్లు ఇప్పుడు నాలుగున్నరకు కాదు, ఐదుంబావుకు వస్తున్నాయట. కాగితం మీద దిద్దుకోమని చెప్పాను.